ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో సువార్త మీరంతా ఎలా చెప్తున్నారు? కరపత్రాల సంగతి కూడా

బెజవాడమ్మాయి
అందరికీ వందనాలు. ఇదే టాపిక్ ముందు ఎవరైనా పెట్టుంటే లింక్ ఇవ్వండి, నాకు దొరకలేదు. పోయిన ఆదివారం మా సంఘంలో పాస్టర్ గారు క్రిస్మస్ లోపు ఒక్కొక్కరు ఒక్కో ఆత్మను తీసుకురావాలని చెప్పి మనిషికో కరపత్రాల కట్ట చేతిలో పెట్టారు. నా వాటా ఫ్రిజ్ మీద కూర్చుంది, రబ్బరు బ్యాండు కూడా తియ్యలేదు. మాది అపార్ట్‌మెంట్, మా ఫ్లోర్‌లో మేం తప్ప అందరూ హిందువులే, ఎదురింటి ఆంటీ పండగొస్తే పులిహోర పంపిస్తుంది, క్రిస్మస్‌కి నేను కేకూ కజ్జికాయలూ పంపిస్తా, ఆవిడ గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్ళదు. అలాంటావిడ తలుపు కింద నుంచి కాగితం తోసి మర్నాడు లిఫ్ట్‌లో ఏ మొహం పెట్టుకుని పలకరించను? అలాగని అసలు చెప్పకుండా ఉండటం కూడా నాకిష్టం లేదు. పిల్లల ట్యూషన్ గురించి, పనమ్మాయి నాగాల గురించి గంటలు మాట్లాడతాం, నాకు అన్నిటికన్నా పెద్ద విషయం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. మీరెలా చెప్తారు? వాక్యాలు కాదు, నిజంగా ఏమంటారో ఆ మాటలు చెప్పండి ప్లీజ్.

కోనసీమ_బాబాయ్
కరపత్రం అంటే అంత చిన్నచూపు వద్దమ్మా. మా నాన్నగారు రక్షణలోకి వచ్చిందే కరపత్రం వల్ల, అది కూడా ఎవరో చేతికిచ్చింది కాదు, రావులపాలెం సెంటర్లో పకోడీ కట్టిచ్చిన కాగితం. నూనె మరకలకి సగం అక్షరాలు పోయాయంట, ఆ మిగతా సగంలో ఏముందో కనుక్కోవాలని తిరిగి తిరిగి చివరికి మా ఊరి ప్రార్థనకి వెళ్ళారు. 1836లో మిషనరీ గ్రోవ్స్ దొరతో వచ్చిన బౌడెన్ గారు, బీర్ గారు మన నర్సాపురం, పాలకొల్లు పక్క సంతల్లో తీర్థాల్లో నిలబడి చెప్పేవారని మా పెద్దలు అనేవారు. వాళ్ళు మొహమాటపడి ఉంటే గోదావరి డెల్టాలో మనమెక్కడ ఉండేవాళ్ళం? సిగ్గుపడకుండా పంచెయ్యమ్మా, ఏ విత్తనం ఎక్కడ మొలుస్తుందో మనకేం తెలుసు.

గుండ్లకమ్మ
బాబాయ్ గారూ మీ నాన్నగారి సాక్ష్యాన్ని తక్కువ చెయ్యట్లేదు గానీ ప్రతి సంఘంలో ఒక పకోడీ పొట్లం సాక్ష్యం ఉంటుందండీ, మా ఒంగోలు వైపు అయితే అది మిరపకాయ బజ్జీ 😄

సీరియస్‌గా చెప్పాలంటే మా జిల్లా కథ వేరే రకం. యెర్రగుంట్ల పేరయ్య పేరు తాళ్ళకొండపాడు వైపు వాళ్ళకి బాగా తెలుసు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి, క్రైస్తవుడు కాకముందే యోగం నేర్చుకుని శిష్యుల్ని కూడా పెట్టుకున్నాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త చెవిన పడింది, 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేసింది ఏంటంటే తన మామూలు వ్యాపారం దారిలోనే, తన బంధువుల ఊళ్ళలోనే, తోళ్ళు కొనే ఇళ్ళలోనే కూర్చుని చెప్పాడు. 1867 జనవరిలో ఒంగోలు మిషనరీ క్లౌ దొర తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చింతతోపులో జనం ముందే చేరి ఉన్నారు, ఆ సారి 28 మందికి బాప్తిస్మం. దొరగారు కొత్తగా వచ్చి పోగేసిన జనం కాదు వాళ్ళు, పేరయ్య చుట్టాలు, తెలిసినవాళ్ళు.

ఇంకోటి. 1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించారు. ఆ కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూలి కోసం, గింజల కోసం ఎవరూ రాకూడదని. సాయం అయిపోయాక కూడా జనం వదలకుండా వస్తుంటే అప్పుడు ఇచ్చారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది. అందరూ ఆ నంబర్ చెప్పుకుంటారు, ముందు అన్ని నెలలు ఆపిన సంగతి ఎవరూ చెప్పరు. "క్రిస్మస్ లోపు తలా ఒక ఆత్మ" అని టార్గెట్ పెట్టే వాళ్ళు ముందు ఆ సంగతి చదవాలి అని నా అభిప్రాయం.

సీతమ్మధార
నేను హిందువుని, ఈ ఫోరమ్‌లో ఎక్కువగా వంటల సెక్షన్లో ఉంటాను, టైటిల్ చూసి వచ్చాను. అడిగారు కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తా, తప్పుగా అనుకోకండి. తలుపు కింద కాగితం పెద్ద విషయం కాదండీ, పిజ్జా కాగితాలతో పాటు తీసి పక్కన పెడతాం. నాకు మండింది ఒక్కసారే, మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చుంటే తెలియని మనిషి ఒకాయన వచ్చి మీ ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ తీసేస్తే ఆవిడ లేచి కూర్చుంటుంది అన్నాడు. ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేదు.

అదే వారంలో మా ఆఫీసులో క్రిస్టియన్ కొలీగ్ ఒకావిడ క్యారియర్ తెచ్చింది, రాత్రి నాకు బదులు బెంచీ మీద కూర్చుంది, వెళ్ళేటప్పుడు "మీ అమ్మగారి కోసం ప్రార్థన చేసుకోనా, మీకు ఇబ్బంది అయితే ఇంటి దగ్గరే చేసుకుంటా" అని అడిగింది. ఇక్కడే చెయ్యండి అన్నాను. రెండు నిమిషాలు, మెల్లగా, అందులో మా దేవుళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత నేనే ఆవిణ్ణి చాలా అడిగాను, ఆదివారం ఏం చేస్తారు, బాప్తిస్మం అంటే ఏంటి, అన్నీ. నేను మారలేదు, మారే ఉద్దేశమూ లేదు. కానీ ఆవిడ చెప్పినవన్నీ కూర్చుని విన్నాను.

నైట్_డ్యూటీ
సీతమ్మధార గారూ మీరు రాసింది చదివి మా వార్డు గుర్తొచ్చింది. నేను స్టాఫ్ నర్సుని, విశ్వాసిని. నా లెక్క ఏంటంటే పేషెంట్‌కి సెలైన్ నా చేతిలో ఉంది, నొప్పి ఇంజెక్షన్ నా చేతిలో ఉంది, అలాంటప్పుడు నేను మొదలుపెట్టి దేవుడి మాట చెప్తే ఆ మనిషి వద్దు అనగలడా? అనలేడు. అందుకని నేను మొదలుపెట్టను. మంచం పక్కన నా బైబిల్ పెట్టను, మెడలో సిలువ మాత్రం ఉంటుంది. రాత్రి రెండింటికి నిద్ర పట్టని వాళ్ళు అదే చూసి అడుగుతారు, సిస్టర్ మీరు చర్చికెళ్తారా అని. అడిగాక దాచను. ఎందుకు నమ్ముతున్నానో నాకు తెలిసింది రెండు మూడు మాటల్లో చెప్తా, ప్రార్థన చెయ్యమంటే చేస్తా, మందులు మానొద్దని మాత్రం తప్పకుండా చెప్తా.

మా సీనియర్లు గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి గురించి చెప్పేవాళ్ళు, డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారని. ఆడవాళ్ళని మగ డాక్టర్లకి చూపించని రోజులు, పెద్దింటి ఆడవాళ్ళు కూడా అక్కడికి వచ్చేవారంట. ముందు కాన్పు సరిగ్గా చెయ్యాలి కదండీ, సాక్ష్యం ఎవరు వింటారు లేకపోతే.

కోనసీమ_బాబాయ్
అందరూ అడిగేదాకా ఆగాలంటే ఎప్పటికి అయ్యేనమ్మా? అడగని వాళ్ళ సంగతేంటి? సమయమందును అసమయమందును ప్రకటించమని పౌలు తిమోతికి రాయలేదా?

మెదక్_మామ
బాబాయ్ జెప్పింది కూడా కొట్టిపారేయొద్దు. మా అమ్మ పుట్టిల్లు డోర్నకల్ దిక్కు. అజరయ్య బిషప్ గారు ఉండె గదా, 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ల మన దేశపోళ్ళల్ల మొదటి బిషప్ ఆయననే. ఆయన బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్తోళ్ళను ఎవల నెత్తి మీద వాళ్ళను చెయ్యి పెట్టుకోమని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపిచ్చేటోడట. అండ్ల సదువు రానోళ్ళు, కూలికి పోయేటోళ్ళే ఎక్కువ. పాస్టరొక్కడే చెప్పాలె, మిగతోళ్ళు కానుక ఎయ్యాలె అన్న లెక్క లేకుండె. నాట్లు ఏసుకుంట చెప్పుకునేటోళ్ళని మా అమ్మమ్మ అనేది.

మా మెదక్‌ల పోస్నెట్ దొర కరువు టైముల పని కల్పిచ్చి గుడి కట్టిచ్చిండు, 1924 డిసెంబర్ 25కు తెరిసిండ్రు. ఇప్పుడు క్రిస్మస్‌కు పోయి సూడు, లైన్ల నిలబడ్డోళ్ళల్ల సగం మంది వేరే మతపోళ్ళే ఉంటరు, కొవ్వొత్తి పెడ్తరు, ఫొటో దిగుతరు. ఎవలు మైకు పెట్టి పిలిసిండ్రు? ఎవ్వలు పిలువలే. బిడ్డా నువ్వు ఆ కరపత్రాల గురించి అంత రంది పెట్టుకోకు. ఆంటీతోని నువ్వు ఆదివారం యాడికి పోతున్నవో, ఎందుకు పోతున్నవో రోజు మాటల్లెక్క చెప్పు. అగో, వారం ఎట్ల గడిసిందని ఆమె అడుగుతది గదా, అండ్ల ఆదివారం కూడా ఉంటది.

డల్లాస్_తమ్ముడు
మామ చెప్పిందే నేను ఇక్కడ చేసేది. సోమవారం స్టాండప్ మీటింగ్ ముందు వీకెండ్ ఏం చేశావ్ అంటే అందరూ హైకింగ్, కాస్ట్‌కో అంటారు, నేను చర్చి, తర్వాత తెలుగు సండే స్కూల్లో పిల్లలకి పాఠం అంటాను, అంతే. దాని మీద ఎవరైనా అడిగితే లంచ్‌లో మాట్లాడతా. టీమ్ చాట్‌లో వాక్యాలు పెట్టడం మాత్రం చెయ్యను, ఒకబ్బాయి రోజూ పొద్దున్నే పెట్టి హెచ్ఆర్ దాకా వెళ్ళింది.

బెజవాడమ్మాయి
బాగుంది ఇది, "ఆదివారం కూడా ఉంటది" 🙂 మామా థాంక్యూ. ఇంకో డౌట్, ఎప్పటి నుంచో ఉంది. ఆంటీ పులిహోర పంపితే తింటా, కానీ సత్యనారాయణ వ్రతం ప్రసాదం అని చెప్పి ఇస్తే ఏం చెయ్యాలి? మా అత్తగారు తీసుకుని పనమ్మాయికి ఇచ్చేస్తారు, నాకు అది మోసంలా అనిపిస్తుంది.

గుండ్లకమ్మ
1 కొరింథీ 10 తీసి చూడండి. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, ఏమీ విచారించకండి అంటాడు పౌలు, ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెప్తే మాత్రం చెప్పినవాడి కోసం మానెయ్యమంటాడు. నేనైతే మొహం మీదే నవ్వుతూ చెప్తా, "పిన్నీ ఇది నేను తినను, మా నమ్మకం, కానీ మీరు చేసిన గారెలు పెట్టకపోతే మాత్రం ఇక్కణ్ణించి కదలను" అని. ఇన్నేళ్ళలో ఎవరూ బాధపడలేదు, ఇప్పుడు మా వీధిలో నాకు గారెలు వేరే ప్లేట్‌లో పెట్టి ఉంచుతారు.

సీతమ్మధార
చెప్పి వద్దనడమే నయం. వెనక నుంచి పనమ్మాయికి ఇచ్చారని తెలిస్తే బాధ. ఎందుకు తినరో చెప్పడం కూడా మీ సువార్తలో భాగమే కదా, ఒక రకంగా.

పేరు_వద్దు
ఈ థ్రెడ్ మొత్తం చదివాను. అందరూ చెప్పాలా వద్దా, ఎలా చెప్పాలి అంటున్నారు. మాలాంటి వాళ్ళకి అసలు "నేను క్రైస్తవుణ్ణి" అని నోరు తెరవడమే పెద్ద ఖర్చు, దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి రాస్తున్నా.

నాది ఎస్సీ సర్టిఫికెట్, సర్కారు ఉద్యోగం. మా తాత కాలం నుంచి మా పేటలో చర్చి ఉంది, మా అమ్మ ఆదివారం తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంటుంది. కాగితాల్లో మాత్రం మేం హిందువులం. నా పేరు చూస్తే ఎవరికీ అనుమానం రాదు, అలాగే పెట్టారు. ఆఫీసులో ఆదివారం ఎక్కడికెళ్ళావ్ అంటే ఊరెళ్ళా అంటా. డల్లాస్ తమ్ముడికి వీకెండ్ ఏం చేశావ్ అంటే సింపుల్‌గా చెప్పేస్తాడు, నేను చెప్తే రెండు తెలుస్తాయి అవతలివాడికి, నా నమ్మకం ఒకటి, నా కులం ఒకటి. రేపు ప్రమోషన్ దగ్గర ఎవడో ఒకడు కంప్లైంట్ పెట్టడానికి అది చాలు. నా కొలీగ్ ఒకడు నాతో రోజూ టీ తాగుతాడు, వాడికి ఇంట్లో సమస్యలు, నేను ప్రభువు దగ్గర పొందిన నెమ్మది వాడికి చెప్పాలని ఎంత ఉంటుందో మీకు తెలీదు. టీ తాగి వచ్చేస్తా.

కోనసీమ_బాబాయ్
తమ్ముడూ కష్టం అర్థమైంది గానీ మనుష్యుల ముందు నన్ను ఒప్పుకోని వాణ్ణి నేనూ ఒప్పుకోను అని ప్రభువే అన్నారు కదా. రిజర్వేషన్ పెద్దదా, రక్షణ పెద్దదా? ఆలోచించుకో.

పేరు_వద్దు
బాబాయ్ గారూ మీ కులం ఏంటో నేను అడగను. ఓసీ సర్టిఫికెట్ ఉన్నవాడు చర్చికి వెళ్ళినా సర్టిఫికెట్ అలాగే ఉంటుంది. పోయేది మాకే. ఆ లెక్క చూసి అప్పుడు ఆ వాక్యం చెప్పండి.

నల్లకోటు
ఇద్దరూ కాస్త ఆగండి. నేను అడ్వకేట్‌ని, తెలిసింది చెప్తా. 1950 ఎస్సీ ఆర్డర్‌లో మూడో పేరా ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకి బీసీ-సి రిజర్వేషన్ ఉంది, 1 శాతం. దళిత క్రైస్తవులకి హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే రిపోర్ట్ ఇచ్చింది, అదే విషయం చూడటానికి 2022లో బాలకృష్ణన్ గారి కమిషన్ వేశారు. కాబట్టి ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పర్సనల్ కేసు గురించి ఇక్కడ సలహా ఇవ్వను, ఎవరైనా లాయర్‌ని నేరుగా కలవండి.

మిగతా వాళ్ళకి. ఆర్టికల్ 25లో నమ్మడం, ఆచరించడంతో పాటు ప్రచారం చేసుకునే హక్కూ ఉంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచారం అంటే నీ మతం గురించి చెప్పడం వరకే, ఇంకొకర్ని మతం మార్చే హక్కు అందులో లేదని చెప్పింది. ఆంధ్రా, తెలంగాణల్లో ఇప్పటికైతే మతమార్పిడి నిషేధ చట్టం లేదు, ఒడిశాలో 1967 నుంచే ఉంది. కానీ తిరుమల లాంటి చోట్ల అన్యమత ప్రచారం చెయ్యకూడదని 2007లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది, కరపత్రాల వాళ్ళు అది గుర్తుపెట్టుకోండి. ఎదుటివాళ్ళ దేవుళ్ళని కావాలని తిడితే కేసు అవుతుంది, పాత ఐపీసీలో సెక్షన్ 295ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో 299. సీతమ్మధార గారు చెప్పిన ఐసీయూ మనిషి లాంటోళ్ళ వల్లే మామూలుగా ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళ మీదకి కూడా జనం వస్తున్నారు.

మెదక్_మామ
పేరు వద్దన్న తమ్మీ, అరిమతయ్య యోసేపు యూదులకు భయపడి రహస్యంగానే శిష్యుడిగ ఉండె. యోహాను 19 సూడు. నీకొదేము రాత్రి పూట వచ్చిండు. ఆఖరుకు ప్రభువు శరీరం దింపనీకి వచ్చినోళ్ళు వాళ్ళిద్దరే, మేము చచ్చినా ఇడువమన్నోళ్ళు ఎవ్వలు లేరు ఆడ. నీ దోస్తుతోని చాయ్ దగ్గర నీ పేరు, కులం, సర్టిఫికెట్ ఏం చెప్పకుండనే "నేను నీ కోసం దేవున్ని అడుగుతున్న" అని అనొచ్చు. ఏ దేవుడని వాడు అడిగితే అప్పుడు సూడు.

పేరు_వద్దు
అది అనగలను మామా. చూస్తా.

కువైట్_అక్క
అందరికీ వందనాలు, నేను కడప జిల్లా, కువైట్‌లో ఇండ్లల్లో పని. ఈడ మాకు శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన శుక్రవారమే. ఈడ అరబ్బుల దగ్గర మన మతం గురించి మాట్లాడ్డం, పుస్తకం ఇయ్యడం అస్సలు కూడదు, పట్టుకుంటే పంపించేస్తారు, ఏ పాస్టరమ్మా చెప్పమని చెప్పదు. మేం మాట్లాడుకునేదంతా మన ఆడోళ్ళ మధ్యనే. రూములో నాతో పాటు ఒకామె ఉండాది, గోదావరి ఆమె, బిడ్డకి ఊర్లో డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉంటే ఈమె ఈడ వీడియో కాల్ పట్టుకోని ఏడుస్తా ఉన్నింది. మేడం ఇంట్లో పని అయ్యేసరికి రాత్రి పదకొండు, సిగ్నల్ లేదు, బాత్రూం దగ్గరైతే వస్తుందని ఆడ గోడకి ఆనుకోని ఇద్దరం కూసున్నాం. నాకు పెద్ద వాక్యాలు రావు. "దేవా ఈ బిడ్డ నీ బిడ్డ, మేం యాడో ఉండాం, నువ్వు ఆడ ఉండావు" అని ఇంతే అన్న. ఆమె కూడా అదే మాట అన్నింది. బిడ్డ బాగైంది, ఆమె ఇంకా సాయిబాబా ఫొటో పెట్టుకునే ఉండాది, శుక్రవారం నాతో చర్చికి కూడా వస్తాది, రెండూ. మా పాస్టరమ్మ ఆమెను ఏమీ అనదు, రానీ అంటాది. ఆత్మల లెక్కలో ఆమెను ఎయ్యొచ్చో లేదో మీరే చెప్పండి, నాకు తెల్దు.

కోనసీమ_బాబాయ్
ఆ లెక్క మనది కాదు తల్లీ. వెయ్యకు.

గుండ్లకమ్మ
బాబాయ్ గారి నోట ఈ మాట 👏 స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

అడ్మిన్
కులాల మీద రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్ళకి తెలుసు. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.

బెజవాడమ్మాయి
అందరికీ చాలా థ్యాంక్స్. పాస్టర్ గారితో మాట్లాడి టార్గెట్ సంగతి గుండ్లకమ్మ గారు రాసిన కరువు కథతో సహా చెప్తా, వింటారో లేదో చూడాలి, ఆయన మంచాయనే. ఇంకో ప్రాక్టికల్ విషయం. ఈసారి అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో చిన్న క్రిస్మస్ పెట్టుకుందాం అనుకుంటున్నాం, ఆంటీ వాళ్ళే అడిగారు మీ పండగ ఎందుకు చెయ్యరు అని. పిల్లల చేత పశువుల పాక వేషం, తర్వాత పలావు. సంఘం కుర్రాళ్ళు క్యారల్స్ రౌండ్స్‌కి మైకు బాక్సులతో వస్తామంటున్నారు, అర్ధరాత్రి పన్నెండున్నరకి, మా రూట్ అప్పటికి వస్తుందట. రమ్మనాలా?

నల్లకోటు
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదు, 2000 నాయిస్ రూల్స్. పండగలకి ప్రభుత్వం పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు, పన్నెండున్నర ఎలాగూ కుదరదు. మీ రూట్ ముందు పెట్టమనండి, ఎనిమిదింటికి రమ్మనండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజుల ముందే చెప్పండి.

సీతమ్మధార
ఎనిమిదింటికైతే మేం కూడా బాల్కనీలోకి వచ్చి వింటాం. మా ఫ్లాట్స్‌లో పోయినేడు ఒంటిగంటకి వచ్చారు, పసిపిల్ల లేచి తెల్లార్లూ పడుకోలేదు.

నైట్_డ్యూటీ
పలావు విషయంలో ఒక మాట, ఆ ఫ్లోర్‌లో వెజ్ వాళ్ళు ఎంత మందో ముందే కనుక్కోండి, వాళ్ళకి వేరే వంటమనిషితో, వేరే గిన్నెల్లో చేయించండి. మా ఇంటి దగ్గర ఒకే గరిటెతో రెండూ వడ్డించారు, సగం మంది తినకుండా వెళ్ళిపోయారు.

బెజవాడమ్మాయి
మంచి పాయింట్. మా ఫ్లోర్‌లో రెండిళ్ళు వెజ్. గిన్నెలు ఎదురింటి ఆంటీనే ఇస్తానన్నారు, వెజ్ వంట కూడా ఆవిడే చూసుకుంటానంటున్నారు.